దుర్గమ్మ చదివిన పొడి అక్షరాలు

జీతం పట్టీ మీద దుర్గమ్మ వేలిముద్రే వేసేది. అయినా మెదక్‌లో రాందాస్ చౌరస్తా వెనక సందులో ఉన్న ఆ పది మంచాల నర్సింగ్ హోంలో, ఏ మంచం మీది మనిషికి ఎలా ఉందో కేస్ షీటు చూసి పసిగట్టగలిగిన వాళ్లు ముగ్గురే ముగ్గురు. డాక్టరు దామోదర్, సిస్టరు ఎలిశిబా, మూడో మనిషి నేల తుడిచే ఆయమ్మ దుర్గమ్మ.

ఆమెది టేక్మాల్ దగ్గర ఒక పల్లె. బడికి రెండు నెలలు పోయింది. ఇంతలో తమ్ముడు పుట్టాడు. వాణ్ని చంకనేసుకుని తిప్పడానికి మనిషి కావలసి వచ్చి, పలక అటక ఎక్కింది. పదహారో ఏట గాలయ్యకిచ్చి చేస్తే మెదక్‌కు వచ్చింది.

గాలయ్య బోర్డులు రాసే పెయింటర్. అతని చదువూ అంతంతే, నాలుగో తరగతి. ఇంగ్లీషు అక్షరాలైతే చూసి గీయడమే గాని కూడబలుక్కుని చదవడం రాదు. కానీ చెయ్యి పెట్టాడంటే అక్షరం అచ్చు గుద్దినట్టు పడేది. ఆ రోజుల్లో దుకాణాల వాళ్లు దేవుడి పేరు, తండ్రి పేరు, కొడుకు పేరు అన్నీ కలిపి బారెడు పేరు పెట్టుకుని వచ్చేవారు. తెచ్చిన రేకు మాత్రం మూరెడు ఉండేది.

"రేకు సాగదు గద సేటూ, నీ పేరే జర దగ్గరికి రావాలె" అనేవాడు గాలయ్య. అలా అతని కుంచె కింద మెదక్ బజారంతా పొడి అక్షరాల్లోకి కుదించుకుపోయింది. ఎస్.వి.కె. అంటే ఒక వీధిలో కిరాణం, ఇంకో వీధిలో కట్టెల అడితి. ఏది ఏదో చూసినవాళ్లకు తెలుసు. దుకాణం ముందు బియ్యం బస్తాలుంటే అది కిరాణం, దూలాలుంటే అడితి. అంతకన్నా చదువెందుకు?

ఎల్లేష్ పుట్టాక, వాడికి నాలుగో ఏడు నడుస్తుండగా దుర్గమ్మ నర్సింగ్ హోంలో పనికి కుదిరింది. ఊడవడం, తుడవడం, దుప్పట్లు మార్చడం, నెత్తురు సీసాలు రెండు సందుల అవతలి ల్యాబుకు చేరవేయడం ఆమె పని. మొదటి నెలలోనే రెండు సీసాలు తారుమారు చేసింది. షుగరున్న ముసలాయన చీటి గర్భిణీ స్త్రీ సీసాకు చుట్టుకుపోయింది. ఎలిశిబా సిస్టరు గట్టిగా అరిచే మనిషి కాదు. మందుల గదిలోకి పిలిచి, అట్టముక్క మీద పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది.

"గిది ఏం లెక్క కొడ్తుంది నీకు?"

"గాజు లెక్క."

"ఓ అంటరు. గిది?"

"సగం పలిగిన గాజు."

"డీ. గాజు పక్కన సగం గాజుంటే రోజుకొక్కసారి మందు. మరి గిది?"

దుర్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కడుపుతోటి ఉన్నామె నిలవడ్డట్టుంది సిస్టరమ్మా."

"బీ. బీడీ అంటే రోజుకు రెండుసార్లు."

"అయ్యో, మావోడు గట్ల రాసింది జూస్తే రెండు బీడీలు తాగుమన్నరని కుషీ అయితడు."

అలా మొదలైంది ఆ చదువు. టీ అంటే దూలం మోస్తున్న నిట్టాడు. హెచ్ అంటే ఒక్క మెట్టు నిచ్చెన, ఎస్ అంటే పాము. నిచ్చెన పక్కన పాముంటే పడుకునే ముందు వేసుకునే మాత్ర. ఏడాది తిరిగేసరికి వార్డులో రాసే ముప్పై నలభై పొడి మాటలు ఆమెకు ముఖాలు గుర్తుపట్టినట్టు గుర్తుండిపోయాయి. వాటిని విడదీసి పూర్తిగా రాస్తే మాత్రం ఒక్క మాటా తెలియదు. ఆమెకు తెలిసింది బొమ్మ, ఆ బొమ్మ కనబడితే తను చేయాల్సిన పని, అంతే.

అన్నింటిలోకి ముఖ్యమైన బొమ్మ, మంచం తలాపున అట్టకు గుచ్చి ఉండే షీటు మీద కుడివైపు మూలన ఉండేది. జీ, సీ, ఆ పక్కన ఇంకో అక్షరం. మనిషి మొత్తం మీద ఎలా ఉన్నాడో చెప్పే గుర్తు అది. పక్కన ఎఫ్ ఉంటే, పళ్లూడిన దువ్వెనలా ఉంటుంది, ఆ మనిషి గట్టెక్కినట్టే. పీ ఉంటే, ఒంటి కాలి మీద జెండాలా ఉంటుంది, ఆ మంచం దగ్గర దుర్గమ్మ చీపురు చప్పుడు కానిచ్చేది కాదు.

ఎలిశిబా అక్షరాలతో పాటు ఒక కట్టడి కూడా పెట్టింది. చూసింది కడుపులో పెట్టుకోవాలి. మనిషి సంగతి ఇంటివాళ్లకు చెప్పేది డాక్టరు. అదీ ఇంటి మగవాణ్ని పక్కకు పిలిచి. ఆడవాళ్లు వార్డులో శోకం పెడితే మిగతా తొమ్మిది మంచాలూ బెదురుతాయని ఆయన పద్ధతి. పాపన్నపేట నుంచి వచ్చిన రాజమణి అనే ఆమె, భర్త మంచం పట్టుకుని కూర్చుని, "అక్కా, గా అట్ట మీద ఏం రాసిండ్రే?" అని పూటకోసారి అడిగేది. "నాకు సదువొస్తదా చెల్లే?" అనేది దుర్గమ్మ. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఆ ఒక్క మాటతో ఆమె ఎంతోమందిని దాటుకుని వచ్చింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక మొగుడూ పెళ్లాల మధ్య వేళాకోళమంతా ఈ అక్షరాల మీదే. ఊళ్లో టెలిఫోను బూత్‌లు వెలిసిన కొత్తలో గాలయ్యకు చేతినిండా పని. పసుపు రేకు మీద ఎస్టీడీ అని రాసి రాసి వేళ్లు పీక్కుపోయేవి. దుర్గమ్మ అన్నం పెడుతూ సాగదీసింది.

"మా దవాఖానల గవే మూడక్షరాలు ఎవరి షీటు మీదన్న పడితే సిస్టరమ్మ తలుపేసి మాట్లాడుతది. నువ్వేమో బజారంత రాసి పెడ్తున్నవ్. సిగ్గుండాలె."

"మీ దవాఖానల గదేం రోగమో నాకేం ఎరుక? మా బజార్ల గది ఫోను."

"గది ఏం రోగమో చెప్పాల్నా?"

"చెప్పకు. బువ్వ తింటున్న."

బీటీ అన్న మాటకూ అలాంటి కథే ఉంది. ల్యాబు చీటి మీద ఉంటే నెత్తురు ఎంతసేపటికి ఆగుతుందో చూసే పరీక్ష. గాలయ్య పంచాయతీ బోర్డు మీద రాస్తే తారు రోడ్డు. ఒకసారి కాలు తెగి వచ్చిన రైతుకు ఎలిశిబా "బీటీ చెయ్యాలె పెద్దాయనా" అంటే, ఆయన చేతులు జోడించి, "నేను బీటీ పత్తి పెట్టలే తల్లీ, నాది అంత వరే" అన్నాడట. ఈ కథ దుర్గమ్మ ఎన్నిసార్లు చెప్పినా గాలయ్య కొత్తగా విన్నట్టు నవ్వేవాడు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. హైదరాబాద్‌లో మిషను మీద గంటలో అచ్చయి, రంగురంగుల ముఖాలతో బస్సెక్కి దిగేవి. గాలయ్య కుంచెలు కిరసనాయిలు డబ్బాలో నానుతూ ఉండిపోయాయి. ఎల్లేష్ అప్పటికి పెద్దవాడై, పాపన్నపేట రూటులో షేర్ ఆటో నడుపుతున్నాడు. "నువ్వు కూసో నాయినా" అన్నాడు. కూర్చోవడం గాలయ్యకు చేతకాలేదు.

మళ్లీ అతని చేతికి పని తెచ్చింది తెలంగాణ ఉద్యమం. బండి నంబరు పలకల మీద ఏపీ చెరిపి టీజీ రాయించుకునే ఊపు వచ్చింది. గాలయ్య ఇంటి ముందు మోటారు సైకిళ్లు వరస కట్టాయి. పోలీసులు ఆపితే ఏం చేస్తావని ఎవరన్నా అడిగితే, "సర్కారిచ్చినప్పుడు ఇయ్యనియ్. మెదక్‌కు నేనైతే ఇచ్చిన" అని నవ్వేవాడు. ఆ ఏడే నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయిస్తే, చీటి మీద దామోదర్ సారు ఇంకేవో పరీక్షలతో పాటు టీజీ అని కూడా రాశాడు. అది నెత్తురులో కొవ్వు లెక్క అని దుర్గమ్మ చెప్పింది. గాలయ్య వినిపించుకోలేదు. ఆ చీటి జేబులో పెట్టుకుని నలుగురికీ చూపించాడు. "సూడుండ్రి, నా నెత్తుర్ల గూడ టీజీయే ఉన్నదట."

అదే ఆఖరు నవ్వులాట. రెండు వేల పదకొండు ఎండాకాలం దాటాక అతని కళ్లు పచ్చబడ్డాయి. తిన్నది ఇమడలేదు. కాలేయం మీద గడ్డ ఉందని, హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు చూపించమని దామోదర్ సారు రాసిచ్చాడు. శ్రావణం చివర్లో ముగ్గురూ పోయారు. రెండు రోజులు పరీక్షలు. మూడో రోజు రిపోర్టులు చూసి చెప్పేటప్పుడు లోపలికి ఒక్కరినే రమ్మన్నారు. ఎల్లేష్ పోయాడు. దుర్గమ్మ బయట బెంచీ మీద గాలయ్యను ఆనించుకుని కూర్చుంది. కొడుకు బయటికి వచ్చి, నేరుగా నల్లా దగ్గరికి పోయి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

"ఏమన్నర్ర?" అంది.

"మందులిచ్చిండ్రు. పెత్రమాస పోయిన మూడొద్దులకు మళ్ల తోలుకరమ్మన్నరు. అప్పుడు గడ్డకు సూదులిస్తరట."

"తగ్గుతదన్నరా?"

"తగ్గకేంది అమ్మా" అని, ఎల్లేష్ రిపోర్టుల సంచీ చంకలో ఇరికించుకున్నాడు. ఆ సంచీ ఆ తర్వాత దుర్గమ్మ కళ్లబడలేదు.

అప్పటి నుంచి ఆమె ఆ ఒక్క తేదీ పట్టుకుని బతికింది. పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, పోయిన మూడో రోజు. మెడలో పుస్తెల తాడుకు ముడి వేసుకున్నట్టు మనసులో ముడి వేసుకుంది. ఆలోపు మనిషిని నిలబెట్టాలి. గంజి తాగించింది, దానిమ్మ రసం తీసింది, ఏడుపాయల దుర్గమ్మకు ఒడిబియ్యం మొక్కింది.

పెత్రమాస ఇంకా రెండు వారాలుందనగా సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపో దాటలేదు. బళ్లకు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. చౌరస్తాలో టెంటు వేసి, నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నారు. సమ్మె మొదలైన వారానికి గాలయ్యకు నీళ్లు కూడా లోపల నిలవలేదు. ఎల్లేష్ ఆటోలో పడుకోబెట్టి నర్సింగ్ హోంకే తెచ్చారు. ఆరో నంబరు మంచం. కిటికీ పక్కది కావాలన్నాడు గాలయ్య గాని అది ఖాళీ లేదు.

రెండో రోజు పొద్దున నేల తుడుస్తూ తుడుస్తూ ఆరో మంచం దగ్గరికి వచ్చి, దుర్గమ్మ అలవాటు కొద్దీ షీటు మూలకు చూసింది. అక్కడ జీ లేదు, సీ లేదు. షీటు నిండా ఒకదాని తోక ఇంకోటి పట్టుకున్న గొలుసుకట్టు రాత. చీమల బారు పోయినట్టు నాలుగు వరసలు. ఎంత వెతికినా ఆమెకు తెలిసిన ముఖం ఒక్కటి కూడా కనబడలేదు.

"సిస్టరమ్మా, గిదేంది గిన్ని గొలుసులు?"

ఎలిశిబా సూదిలోకి మందు ఎక్కిస్తూ తల తిప్పలేదు. "కొత్త రూలు దుర్గమ్మా. ఇప్పట్నుంచి కొత్తగ చేరినోళ్లవి అన్ని పూరాగ రాయాల్నంట."

పెద్దవాళ్లు పెట్టిన రూలు, ఉండొచ్చు అనుకుంది. కానీ చీపురు పట్టుకున్న చెయ్యి కదల్లేదు. ఇన్నేళ్లలో ఎన్ని వందల మంది సంగతి ఆమెకు ముందే తెలిసిపోయిందో. తెలియకుండా ఉంటే బాగుండును అనుకున్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు తన మనిషి దగ్గరికి వచ్చేసరికి కళ్లున్నా గుడ్డిదైపోయింది. ఆ రోజు నుంచి ఇంకే మంచం షీటు వైపూ ఆమె తలెత్తి చూడలేదు.

"నా అట్ట మీద ఏం రాసిండ్రే?" అన్నాడు గాలయ్య. గొంతు బొంగురుపోయింది. ఊళ్లో ఎవరికి ఏ మందు చీటి చదివి పెట్టాలన్నా దుర్గమ్మ దగ్గరికే వస్తారని అతనికి గొప్ప.

"మంచిగనే ఉన్నదట."

"పట్నం ఎప్పుడు పోదామే?"

"పెత్రమాస పోంగనే."

వారం గడిచింది. పెత్రమాస వచ్చి పోయింది. వీధిలో ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తుంటే దుర్గమ్మ చూడటానికి కూడా పోలేదు. మర్నాడు కొడుకును పట్టుకుంది.

"ఎల్లుండికే రమ్మన్నరు గదర. బండి మాట్లాడినవా?"

"ఏడ మాట్లాడాలె అమ్మా? రోడ్లన్ని బందున్నయ్. నర్సాపూర్ కాడ చెట్లు నరికి అడ్డమేసిండ్రంట."

"అడివిల నుంచన్న తొవ్వ లేదా?"

"నాయినను పండవెట్టుకొని అడివిలకెళ్లి పోతమా? పరేషాన్ చెయ్యకు. సమ్మె అయిపోనియ్."

"సమ్మె అయిపోయేదాంక గడ్డ ఆగుతదార?"

ఎల్లేష్ ఆటో తాళంచెవి వేళ్ల మధ్య తిప్పుకుంటూ గేటు దాకా పోయి, లోపలికీ రాక, బయటికీ పోక అక్కడే గోడకానుకుని నిలబడ్డాడు. రెండు వారాల్లో వాడి చొక్కా వదులైందని దుర్గమ్మ అప్పుడు చూసింది. అయినా కోపమే వచ్చింది. మగపిల్లాడై ఉండి ఒక బండి తేలేడా? పనికిరాని వాళ్లు రోడ్డుకు అడ్డం కూర్చుంటే నా మనిషి చావాలా?

మర్నాడు పదకొండు గంటలకు ఎవరికీ చెప్పకుండా చౌరస్తాకు నడిచింది. టెంటు కింద జనం కిటకిటలాడుతున్నారు. వెనక గుడ్డ మీద జేఏసీ అని రాసి ఉంది. ఆ అక్షరాల వంపు చూడగానే అది ఎవరి చెయ్యో ఆమెకు తెలిసింది. మైకు ముందు ఇంద్రకరణ్ సారు కూర్చుని ఉన్నాడు. ఎల్లేష్‌కు ఏడో తరగతిలో లెక్కలు చెప్పిన పంతులు.

దుర్గమ్మ చేతులు జోడించి, రోడ్డు మీదే మోకాళ్ల మీద కూలబడింది.

"సారూ, మీ కాళ్లు మొక్కుత. ఒక్క చీటి రాసియ్యుండ్రి. ఎల్లేషు వాళ్ల నాయినను పట్నం తోలుకపోవాలె. రేపటికి రమ్మన్నరు. నర్సాపూర్ కాడ మీ వాళ్లు ఆపకుంట ఒక్క చీటి."

ఇంద్రకరణ్ సారు గబగబా లేచి వచ్చాడు.

"లెవ్వమ్మా, గిదేంది గిట్ల. చీటి ఎందుకమ్మా? దవాఖాన బండిని ఆపే పాపం మేం కట్టుకుంటమా? మొన్న రెండు పోయినయ్, నిన్నొకటి పోయింది. మా పిలగాండ్లే ముందల బండి వెట్టి నర్సాపూర్ దాటిచ్చి వచ్చిండ్రు."

"చెట్లు నరికిండ్రంట గద?"

"ఎవలు జెప్పిండ్రు?" పక్కనున్న యువకుడు కల్పించుకున్నాడు. "ఏ చెట్టూ లేదు పెద్దమ్మా. గాలయ్య కాకా కోసమంటే ఇప్పటికిప్పుడు నేనే బండి తెస్త. నా బండి మీద టీజీ రాసింది గాయనే."

ఇంద్రకరణ్ సారు ముఖంలో ఏదో అనుమానం కదిలింది. "ఎల్లేషు రోజు ఇక్కడ్నే కూసుంటడు గదమ్మా. ఒక్కనాడు గూడ అడగలే. ‘నాయినకెట్లుందిర’ అంటే తల వంచుకొని చాయ్ తాగి పోతడు. అడిగుంటే మేమే పంపేటోళ్లం గద."

ఎవరో మంచినీళ్ల గ్లాసు దుర్గమ్మ చేతికిచ్చారు. తాగినట్టు చేసి కింద పెట్టింది. బండి తెస్తానన్న పిల్లాడు, "తెమ్మంటవా పెద్దమ్మా?" అని మళ్లీ అడిగాడు. వెంటనే అవునని ఎందుకు అనలేకపోయిందో ఆమెకే తెలియదు. "అడిగొస్త బిడ్డా" అంది.

నడిచి వస్తుంటే ఎండ నెత్తి మాడ్చేస్తోంది. రోడ్డుకు చెట్టు అడ్డం లేదు. జనం అడ్డం లేరు. మరి కొడుకు ఎందుకు అడ్డం పడ్డాడు?

వార్డులోకి వచ్చి చెప్పులు విడిచింది. భోజనాల వేళ కావడంతో రోగులు తప్ప ఎవరూ లేరు. దుర్గమ్మ ఒకటో మంచం నుంచి మొదలుపెట్టింది. అట్ట ఎత్తి చూసింది. జీ, సీ, ఎఫ్. కింద గాజు, సగం గాజు. రెండో మంచం. నిచ్చెన పక్కన పాము. మూడు. నాలుగు. ఐదు. అన్నీ తెలిసిన ముఖాలే, ఎప్పటిలాగే పొడిపొడిగా పలకరించాయి. ఆరు వదిలేసి ఏడుకు పోయింది. ఎనిమిది. తొమ్మిది. పదో మంచం మీద నిన్న చేరిన పిల్లవాడి షీటు మీద కూడా పాత రాతే. కొత్త రూలు ఆ గదిలో ఒక్క మంచానికే వచ్చింది.

మందుల గదిలో ఎలిశిబా దూది చుడుతోంది. దుర్గమ్మ గుమ్మంలో నిలబడింది.

"రూలు రాలే గద సిస్టరమ్మా?"

ఎలిశిబా చేతులు ఆగాయి. జుట్టు పూర్తిగా నెరిసిన మనిషి, ఇంకో ఏడాదిలో పని మానుకుని కూతురి దగ్గరికి పోవాలనుకుంటున్న మనిషి, తప్పు చేసి దొరికిన పిల్లలా తల దించుకుంది.

"నువ్వు చదవకుండ రాసిన దుర్గమ్మా."

"నాకు నేర్పింది నువ్వే గద."

"గందుకే. నువ్వు పొద్దుగాల చీపురు వట్టుకొని ముందు గా మూలకే చూస్తవ్. నాకెరుకనే. గా మంచం కాడికొచ్చి నువ్వు చూసి, అట్ల నిలవడిపోతే నేను చూడలేననుకున్న. పూరాగ రాస్తే నీకు కొన్నొద్దులన్న తెల్వకుండ ఉంటదనుకున్న."

"ఎల్లేషుకు ఎరుకనా?"

"పట్నంలనే జెప్పిండ్రంట. ఇక్కడికొచ్చినంక సారు గూడ పిలిచి జెప్పిండు."

"మళ్ల రమ్మన్నరు గద. సూదులిస్తమన్నరు గద?"

ఎలిశిబా తల అడ్డంగా ఊపింది. "ఎవ్వలూ రమ్మనలే. ఇంటికాడ మంచిగ చూసుకోమన్నరు. పెత్రమాస అని పిలగాడే కల్పించిండు, నీకొక ఆశ ఉంటదని."

దుర్గమ్మ గుమ్మానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. పెత్రమాస దాకా, పెత్రమాస దాకా అని గంజి కాచిన చేతులు ఒడిలో ఊరికే పడి ఉన్నాయి. కొడుకును తిట్టాలనుకుంది. ఇరవై రెండేళ్ల పిల్లాడు ఇంత బరువు నెత్తిన పెట్టుకుని, ఆటో నడుపుకుంటూ, తన చేత మాటలు పడుతూ తిరిగాడు. ఎవరిని తిట్టాలి?

కాసేపటికి లేచింది. వార్డులోకి పోయి ఆరో మంచం అట్ట తీసుకుని వచ్చింది. గాలయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. అట్టను ఎలిశిబా ముందు బల్ల మీద పెట్టింది.

"నాకు తెల్సేటట్టు రాయి."

"ఎందుకే, ఇప్పుడు నోటితోటే చెప్పిన గద."

"నోటిమాట వద్దు సిస్టరమ్మా. గిన్నేండ్లు అందర్ది గా మూలకే చూసిన. నా మనిషిది గూడ గాడనే చూస్త. రాయి."

ఎలిశిబా పెన్ను తీసింది. మూత ఊడదీయడానికి రెండుసార్లు ప్రయత్నించింది. గొలుసుకట్టు రాత పక్కన, కుడివైపు మూలన కొంచెం ఖాళీ మిగిలి ఉంది. అక్కడ జీ రాసింది. సీ రాసింది. తర్వాతి అక్షరం రాసి, పెన్ను పక్కన పడేసి కొంగుతో ముఖం కప్పుకుంది.

దుర్గమ్మ ఆ అక్షరాన్ని చూసింది. ఒంటి కాలి మీద నిలబడి ఉంది. ఎంతోమంది మంచాల దగ్గర చూసిందే. సరిగ్గా అలాగే ఉంది, వేరేగా ఏమీ లేదు.

అట్ట పట్టుకుని బయటికి వచ్చేసరికి వరండాలో ఎల్లేష్ ఎదురయ్యాడు. చేతిలో కొట్టించిన కొబ్బరిబొండం, దాంట్లో గొట్టం.

"ఏడికి పోయినవే అమ్మా? మస్తుసేపాయె దేవులాడవట్టి."

"టెంటు కాడికి."

ఎల్లేష్ ముఖం పాలిపోయింది. దుర్గమ్మ వాడి చేతిలోంచి బొండం అందుకుంది.

"డబ్బల బువ్వ ఉన్నది. పొయ్యి తిను" అంది.

వాడు కదల్లేదు. ఆమె చేతిలో ఉన్న అట్ట వైపు చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. దుర్గమ్మ వాడి వీపు మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఉంచి, తీసేసింది. ఇంకేం చేయాలో తెలియలేదు.

గాలయ్యకు మెలకువ వచ్చింది. బొండం నీళ్లు రెండు చుక్కలు నోట్లో పోస్తే, ఒక చుక్క పెదవి మీద నుంచి మెడలోకి జారింది. కొంగుతో తుడిచింది.

"రేపటికి మూడొద్దులైతయ్ గదనే పెత్రమాస పోయి" అన్నాడు. మనిషి సగం నిద్రలో ఉన్నా లెక్క తప్పలేదు. "రేపే గద పట్నం?"

దుర్గమ్మ అట్టను మంచం తలాపున తగిలించింది. తగిలించేటప్పుడు రాత గోడ వైపు ఉండేలా తిప్పింది.

"ఏడ పోతం? సమ్మె నడుస్తున్నది గద" అంది. "నర్సాపూర్ కాడ చెట్లు నరికి అడ్డమేసిండ్రంట. సమ్మె అయిపోనియ్, బస్సులు నడవనియ్. పోదాం."

అంత నున్నగా అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమనిపించింది.

"బస్సుల పోతే నాకు కిటికీ దిక్కు సీటు పట్టు" అన్నాడు గాలయ్య. "బోర్డులు జూస్కుంట పోత."

"సరే" అంది దుర్గమ్మ.